కథ ఎవరి కళ్ళతో సాగుతోందో తెలియనప్పుడు తప్పు పాఠకుడిదా, రచయితదా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ మిత్రుడు తన ఫాంటసీ నవలను అచ్చుకు పంపే ముందు చదివి అభిప్రాయం చెప్పమని మీకు ఇచ్చారు. మొదటి అధ్యాయం ‘నేను’ అంటూ మొదలైంది, రెండో అధ్యాయంలో ఆ ‘నేను’ మాయమై ‘ఆమె’ వచ్చింది. మూడో అధ్యాయంలో ఒకే సన్నివేశంలో కాసేపు రాణి మనసులోనూ, కాసేపు ఆమె ఎదుట నిలబడిన మాంత్రికుడి మనసులోనూ ఉన్నట్టు మీకు అనిపించింది. ఒకచోట ఆలోచిస్తున్నది మనిషో, ఆమె చేతిలోని ఆయుధమో కూడా తేల్చుకోలేకపోయారు. ఇది మీకు ఈ తరహా కథలు అలవాటు లేకపోవడం వల్ల వచ్చిన ఇబ్బందా, రచయిత లోపమా, లేక కావాలని వేసిన ముడా అన్నది తెలియకుండా మిత్రుడికి ఏమని చెప్పాలని అడిగారు.

నా సమాధానం ఇది. మీ తడబాటు నిజమైనది, రచయితకు అంతకంటే పనికొచ్చే సమాచారం మరొకటి లేదు. అది ఏ వాక్యం దగ్గర కలిగిందో ఆ వాక్యం పక్కనే రాసి ఇవ్వండి. కారణం తేల్చే భారం మీ మీద వేసుకోకండి. చాలా కాలంగా ఫాంటసీ రాతప్రతులకు సంపాదకత్వం చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను: దృష్టికోణం మారినందువల్ల పాఠకుడు దారి తప్పడం అరుదు. మారిన సంగతి తనకు తెలియకపోవడం వల్లే తప్పుతాడు. పాఠకుడు ఎంత విచిత్రమైన లోకంలోకైనా నమ్మకంగా అడుగుపెడతాడు గాని, ఎవరి పక్కన నిలబడి చూస్తున్నాడో తెలియకపోతే మాత్రం ఒక్క పేజీ కూడా స్థిమితంగా చదవలేడు.

ఇందులో ‘అర్థం కాలేదు’ అన్న మాట దగ్గరే మొదటి చిక్కు ఉంది. పాఠకులు మూడు వేర్వేరు ఇబ్బందులకు ఈ ఒక్క మాటే వాడతారు. చూస్తున్నది ఎవరో తెలియకపోవడం మొదటిది. ఎవరు చూస్తున్నారో తెలిసినా వాళ్ళు చూస్తున్న వస్తువు, ఆచారం, మంత్రం ఏమిటో తెలియకపోవడం రెండోది. రచయిత ఏదో దాస్తున్నాడని తెలిసి, అది బయటపడేదాకా ఎదురుచూడవలసి రావడం మూడోది. రెండోది ఫాంటసీలో సహజం, చాలామంది పాఠకులకు అదే ఆనందం. మూడోది రచయిత హక్కు. నిజంగా ప్రమాదకరమైనది మొదటిదే. అయితే మొదటిది ఉన్నచోట మిగతా రెండూ కూడా లోపాల్లా కనిపిస్తాయి, అందుకే మీ మిత్రుడికి ఎవరైనా ‘లోకం మరీ క్లిష్టంగా ఉంది’ అనో, ‘పాత్రలు ఎక్కువైపోయాయి’ అనో చెప్పే అవకాశం ఉంది. అలాంటి అభిప్రాయాలు వచ్చిన ఒక రాతప్రతి నా దగ్గరకు వచ్చినప్పుడు, పాత్రలను తగ్గించమని రచయితకు అప్పటికే చాలామంది సలహా ఇచ్చి ఉన్నారు. ఒక్క పాత్రనూ తీయకుండా, ప్రతి సన్నివేశాన్నీ మొదటి రెండు మూడు వాక్యాల్లోనే ఒకరి చూపుకు కట్టివేయగానే ఆ ఫిర్యాదు ఆగిపోయింది.

ఫాంటసీలోనే ఈ ఇబ్బంది ఇంత తీవ్రంగా ఎందుకు ఉంటుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు కీలకం అక్కడే ఉంది. వాస్తవిక కథలో ‘గోడలు ఊపిరి బిగబట్టాయి’ అన్న వాక్యం చదివితే పాఠకుడు ఒక్క క్షణం కూడా ఆగడు. గోడలకు ఊపిరి ఉండదని అతనికి తెలుసు కనుక, గదిలోని మనుషుల ఉద్వేగాన్ని రచయిత అలా చెప్పాడని వెంటనే గ్రహిస్తాడు. అదే వాక్యం ఫాంటసీలో వస్తే మూడు అర్థాలు ఒకేసారి తలెత్తుతాయి. అది అలంకారం కావచ్చు, ఆ కోట నిజంగానే ప్రాణమున్నది కావచ్చు, లేదా చూస్తున్న పాత్ర విషప్రయోగం వల్లనో మాయ వల్లనో భ్రమపడుతూ ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏది నిజమో నిర్ణయించడానికి పాఠకుడి దగ్గర సొంత లోకజ్ఞానం ఏమీ లేదు. అతనికి ఉన్న ఆధారం ఒక్కటే, ఆ వాక్యం ఎవరి అనుభవం అన్నది. కోటలో పుట్టి పెరిగిన సేవకుడు అది చూసి పట్టించుకోకుండా వెళ్ళిపోతే కోట ప్రాణమున్నదే. కొత్తగా వచ్చిన బాలుడు ఉలిక్కిపడితే అది వింత. జ్వరంలో ఉన్న సైనికుడు చూస్తే అనుమానం. చూస్తున్నది ఎవరో తెలియనప్పుడు పాఠకుడు ఒక పాత్ర సంగతి మాత్రమే కాదు, మాయకూ మాటకూ మధ్య ఉన్న హద్దునే పోగొట్టుకుంటాడు. ఆ తర్వాత వచ్చే ప్రతి అద్భుతం మీదా అతనికి నమ్మకం సడలిపోతుంది.

ఇదే కారణంగా, మామూలు కథలో చిన్న జారుపాటుగా సరిపెట్టుకునేది ఫాంటసీలో కథాంశంగా మారిపోతుంది. కథ పూర్తిగా రాణి చూపులో సాగుతుండగా ‘మాంత్రికుడికి లోలోపల భయం వేసింది’ అన్న వాక్యం వచ్చిందనుకోండి. మామూలు నవలలో అయితే రచయిత పక్క పాత్ర మనసులోకి తొంగిచూశాడని పాఠకుడు సర్దుకుంటాడు. ఫాంటసీలో అయితే రాణికి ఇతరుల మనసులు చదివే శక్తి ఉందేమోనని అనుకుంటాడు, అలా అనుకోవడానికి అతనికి పూర్తి హక్కు ఉంది. దీనికి తలకిందులైన ఉదాహరణ కూడా నేను చూశాను. ఒక రాతప్రతిలో నాయికకు నిజంగానే పరుల మనసులు వినిపిస్తాయి, ఆ సంగతి రచయిత నవల మధ్యలో గాని బయటపెట్టరు. అంతవరకు చదివినవారందరూ అవి రచయిత అజాగ్రత్త వల్ల దొర్లిన తప్పులని తీర్మానించుకుని, ఆ రహస్యం బయటపడేసరికి దాన్ని ఆస్వాదించే స్థితిలో లేకుండా పోయారు. పరుల ఆలోచన మొదటిసారి వినిపించిన చోట నాయిక చెవుల వెనుక సన్నని నొప్పిని పెట్టి, ప్రతిసారీ దాన్నే పునరావృతం చేశాం. రహస్యం రహస్యంగానే ఉండిపోయింది, పాఠకుడికి మాత్రం ఇది తప్పు కాదు, సంఘటన అన్న భరోసా దొరికింది.

ఇక భాష సంగతి. దృష్టికోణం గురించి మనం చదివే సలహాలు ఎక్కువగా వేరే భాషల కథల నుంచి వచ్చినవి కావడంతో, తెలుగు వాక్యం తనంతట తాను చూపును ఎలా స్థిరపరుస్తుందో, ఎక్కడ చెదరగొడుతుందో మన రచయితల్లో చాలామంది గమనించరు. మీరు చెప్పిన ‘మనిషో, ఆయుధమో తెలియలేదు’ అన్న ఇబ్బంది పూర్తిగా మన వ్యాకరణం నుంచి పుట్టింది. తెలుగులో స్త్రీకి ఏకవచనంలో వచ్చే క్రియారూపమూ, వస్తువుకూ జంతువుకూ వచ్చే క్రియారూపమూ ఒక్కటే. రాణి చూసింది, డ్రాగన్ చూసింది, కత్తి చూసింది, తలుపు మూసుకుంది. వాస్తవిక కథలో దీనివల్ల నష్టం లేదు, ఎందుకంటే ఆ గదిలో ఆలోచించగలిగినది మనిషి ఒక్కతే. ఫాంటసీలో కత్తీ ఆలోచిస్తుంది, తలుపూ ఆలోచిస్తుంది. పైగా మనం కర్తను వదిలేసి వాక్యం రాయడానికి అలవాటు పడ్డవాళ్ళం. ఈ రెండూ కలిసినప్పుడు ఏమవుతుందో చూపడానికి ఒక చిన్న భాగం నేనే రాస్తున్నాను:

‘మృదుల గుహ ద్వారం దగ్గర ఆగింది. లోపల డ్రాగన్ కళ్ళు తెరిచింది. ఎన్నేళ్ళకు మనిషి వాసన! భయం వేసింది. కత్తి వణికింది. ఇక వెనక్కి వెళ్ళే దారి లేదని తెలిసిపోయింది. మెల్లగా లోపలికి వచ్చింది.’

విడివిడిగా చూస్తే ఇందులో తప్పున్న వాక్యం ఒక్కటీ లేదు. కాని పాఠకుడి పక్కన కూర్చుని చదవండి. మొదటి వాక్యంలో మనం మృదుల దగ్గర, బహుశా ఆమె వెనుక, నిలబడ్డాం. రెండో వాక్యం ఆమెకు కనిపించని చోటును చూపించింది. మూడోది డ్రాగన్ ఆలోచన. ‘భయం వేసింది’ అన్నచోట ఎవరికి అన్న మాట లేదు. ఇంతకుముందు వాక్యం డ్రాగన్‌ది కనుక భయపడింది కూడా డ్రాగనే కావాలి, కాని కథ పోకడను బట్టి మృదుల భయపడి ఉండాలి. వణికింది చెయ్యా, కత్తా? దారి లేదని తెలిసింది ఎవరికి? చివరి వాక్యంలోని ‘వచ్చింది’ అన్న క్రియ మనల్ని తీసుకెళ్ళి గుహ లోపల, డ్రాగన్ పక్కన కూర్చోబెట్టింది, ఎందుకంటే చూసేవారు లోపల ఉంటేనే మనం ‘లోపలికి వచ్చింది’ అంటాం. ఇన్ని చిన్న వాక్యాల్లో ఇన్నిసార్లు స్థానం మారింది. పాఠకుడు వీటిలో దేన్నీ వేలుపెట్టి చూపలేడు, ‘ఎందుకో ఈ సన్నివేశం పట్టు చిక్కలేదు’ అని మాత్రం అంటాడు. ఇప్పుడు దాన్నే మృదుల చూపులో ఉంచి రాద్దాం:

‘మృదుల గుహ ద్వారం దగ్గర ఆగింది. లోపలి చీకట్లో రెండు పసుపు వెలుగులు మెల్లగా తెరుచుకున్నాయి. అవి కళ్ళని గ్రహించేసరికి చేతిలోని కత్తి వణకసాగింది. వణుకుతున్నది తన చెయ్యి కాదు, కత్తే. వెనక్కి తిరిగితే దారి మూసుకుపోతుందని గురువు చెప్పిన మాట గుర్తొచ్చింది. మెల్లగా లోపలికి వెళ్ళింది.’

ఇక్కడ కత్తికి ప్రాణముందన్న అద్భుతం చెక్కుచెదరలేదు, ఇంకా బలపడింది కూడా, ఎందుకంటే అది మృదుల చేతికి తెలిసి మనకు తెలిసింది. ‘తన’ అన్న ఒక్క మాట, ‘వచ్చింది’కి బదులు ‘వెళ్ళింది’ అన్న ఒక్క క్రియ ఆ సన్నివేశాన్ని ఒకచోట నిలబెట్టాయి. ఒకవేళ రచయితకు డ్రాగన్ చూపే కావాలనుకుంటే అదీ సాధ్యమే. ‘ముందు వాసన వచ్చింది, చాలాసేపటికి మనిషి వచ్చింది’ అని మొదలుపెడితే పాఠకుడు అక్కడే డ్రాగన్ పక్కకు చేరిపోతాడు. రెండింటిలో ఏదైనా మంచిదే, రెండూ కలిపి వండటమే కుదరదు.

రా, వెళ్ళు, ఇక్కడ, అక్కడ, రేపు, మర్నాడు. ఈ జంటలను మీరు చదువుతున్న రాతప్రతిలో ప్రత్యేకంగా గమనించమని కోరుతున్నాను. ‘రేపు యుద్ధం’ అని ఉంటే ఆ వాక్యం పాత్ర మనసులోది, ‘మర్నాడు యుద్ధం’ అని ఉంటే అది కథకుడి నోటిది. ఒకే పేరాలో ఈ రెండూ కలగలిసిపోయినచోట మీకు తెలియకుండానే మనసు తడబడి ఉంటుంది.

గౌరవ వాచకాలు కూడా ఇంతే. ఒక వ్యక్తిని ఏ స్థాయిలో ప్రస్తావిస్తున్నారన్నది చూస్తున్నది ఎవరో చెప్పేస్తుంది. పరిచారిక చూపులో ‘రాణిగారు లేచారు’ అనే ఉంటుంది, రాణి తల్లి చూపులో ‘రాణి లేచింది’ అని ఉన్నా ఎవరికీ వింతగా అనిపించదు. నేను చూసిన ఒక నవలలో గూఢచారిగా వచ్చిన పరిచారిక చూపుతో ఒక పొడవైన సన్నివేశం సాగుతుంది. మొదటి సగంలో ‘రాణిగారు చదువుతున్నారు’, ‘రాణిగారు నవ్వారు’ అంటూ వచ్చి, రెండో సగంలో ‘రాణి కిటికీ దగ్గరకు వెళ్ళింది’ అని మారింది. రచయిత ఉద్దేశంలో అది యథాలాపంగా జరిగిన మార్పు. చదివినవారిలో ఒకరు మాత్రం ఆ అమ్మాయికి ఆ క్షణంలో రాణి మీద గౌరవం పోయిందని, ద్రోహం చేయడానికి అప్పుడే నిశ్చయించుకుందని అర్థం చేసుకుని, తర్వాతి అధ్యాయంలో ఆమె రాణిని కాపాడటం చూసి అయోమయంలో పడ్డారు. ఆ పాఠకుడిది పొరపాటు కానే కాదు, ఆయన రచయిత కంటే శ్రద్ధగా చదివారు.

శరీరాలు మారే కథల్లో ఈ ఇబ్బంది పరాకాష్ఠకు చేరుతుంది. పురుషుడి ఆత్మ స్త్రీ శరీరంలో చేరితే ‘అన్నాడు’ అని రాయాలా, ‘అంది’ అని రాయాలా? ప్రథమ పురుషలో, అంటే ‘అతను’, ‘ఆమె’ అంటూ రాసినంతకాలం తెలుగు క్రియ ఈ నిర్ణయాన్ని దాదాపు ప్రతి వాక్యంలోనూ అడుగుతుంది. పేరూ క్రియా శరీరాన్ని బట్టి నడుస్తాయా, స్పృహను బట్టి నడుస్తాయా అన్నది రచయిత ఒక్కసారి తేల్చుకుని, మార్పిడి జరిగిన మొదటి పేరాలోనే పాఠకుడికి కనిపించేలా పాటిస్తే చాలు, పాఠకుడు ఆ నియమాన్ని చాలా త్వరగా నేర్చుకుంటాడు. ఎవరి చూపులో ఉన్నామో దాన్ని బట్టి క్రియ మారినా సమంజసమే, అంటే రహస్యం తెలిసిన స్నేహితుడికి ‘అన్నాడు’, తెలియని సేనానికి ‘అంది’. ఇది చాలా అందమైన పద్ధతి, కాని చూపు కచ్చితంగా స్థిరపడినచోట మాత్రమే నిలుస్తుంది. ఉత్తమ పురుషలో, అంటే ‘నేను’ అంటూ రాసే కథలో, ‘అన్నాను’ అన్న రూపానికి లింగం లేదు కనుక, కథకుడు స్త్రీయో పురుషుడో ఎంతకాలమైనా దాచవచ్చు. మీ మిత్రుడి నవల మొదటి అధ్యాయం ‘నేను’లో ఉండటానికి ఇలాంటి కారణం ఏదైనా ఉందేమో మీరు ఇప్పుడే ఊహించనక్కర్లేదు గాని, అలాంటి కారణాలు ఉండవచ్చునని మాత్రం గుర్తుంచుకోండి.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఒకరి చూపులోనే కథంతా నడవాలన్న నియమం ఎక్కడా లేదు. అందరి మనసులూ తెలిసిన సర్వసాక్షి కథనం మనకు అతి పాతది, ఎంతో బలమైనది. ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెట్ 1972లో ‘ఎవరు చూస్తున్నారు’ అన్న ప్రశ్ననూ ‘ఎవరు చెబుతున్నారు’ అన్న ప్రశ్ననూ వేరు చేసి చూడాలని వాదించాడు. ఆ విభజన ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. చెబుతున్న గొంతు మొదటి నుంచీ స్థిరంగా ఉంటే, చూసే కళ్ళు ఎన్నిసార్లు మారినా పాఠకుడు నిశ్చింతగా ఉంటాడు. టోల్కీన్ పెద్ద ఫాంటసీ నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి సంపుటం 1954లో వచ్చింది. అందులో హాబిట్‌లు అనే పొట్టి మనుషులు అడవిలో నిద్రపోతుంటే అటుగా వెళ్ళే ఒక నక్క వాళ్ళను చూసి ఆశ్చర్యపోయే చోటు ఒకటి ఉంది. ఆ నక్క మళ్ళీ కథలోకి రాదు. నియమాలు పట్టుకుని చూస్తే అది దృష్టికోణ దోషమే. కాని తీరిగ్గా కథ చెప్పే పెద్దమనిషి గొంతు మొదటి పేజీ నుంచే వినిపిస్తూ ఉంటుంది కనుక, ఆయన ఒక నక్క మనసులోకి వెళ్ళి వచ్చినా మనకు కాలు జారినట్టు అనిపించదు. మీ మిత్రుడి మూడో అధ్యాయంలో రాణి మనసూ మాంత్రికుడి మనసూ రెండూ కనిపించడం నేరం కాదు. ఆ రెండింటినీ చెబుతున్న మూడో గొంతు ఒకటి అక్కడ వినిపిస్తోందా, లేదా అన్నదే చూడవలసిన సంగతి.

మన సొంత సంప్రదాయంలో ఇంతకంటే గొప్ప పాఠం ఉంది. మహాభారత కథను నైమిశారణ్యంలో శౌనకాది మునులకు ఉగ్రశ్రవసుడు చెబుతాడు. అతను చెప్పేది, జనమేజయుడి సర్పయాగంలో వైశంపాయనుడు చెప్పగా విన్నది. ఆ లోపల యుద్ధ కథను ధృతరాష్ట్రుడికి సంజయుడు చెబుతాడు. ఇన్ని పొరలున్నా వినేవారు తప్పిపోకపోవడానికి ఒక కారణం, ఎవరికి చెబుతున్నారో ఆ శ్రోతను మళ్ళీ మళ్ళీ పేరు పెట్టి పిలవడం. ‘జనమేజయా’ అనగానే మనం ఏ పొరలో ఉన్నామో తెలిసిపోతుంది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. యుద్ధభూమిలో ప్రతి యోధుడి పక్కనా ఉన్నట్టు సంజయుడు ఎలా చెప్పగలుగుతున్నాడన్న ప్రశ్న రాకముందే, వ్యాసుడు అతనికి దివ్యదృష్టిని ప్రసాదిస్తాడు. బాహాటంగా జరిగేదీ, రహస్యంగా జరిగేదీ, ఇతరులు మనసులో అనుకునేదీ కూడా అతనికి తెలుస్తుందని అక్కడే చెబుతాడు. సర్వసాక్షి కథనానికి కథలోపలే అనుమతి తీసుకోవడం అంటే ఇది. ఫాంటసీ రచయితకు ఇంతకంటే మంచి ఆదర్శం నాకు తెలియదు. అలాగే 16వ శతాబ్దపు పింగళి సూరన కళాపూర్ణోదయంలో ముందు జరిగినవి చాలా ఆలస్యంగా, వేర్వేరు పాత్రల నోట తెలుస్తాయి. అయినా ఎవరు ఎవరికి చెబుతున్నారన్నది కవి చేజార్చడు. క్లిష్టత ఎంత పెరిగితే ఆనవాళ్ళు అంత స్పష్టంగా ఉండాలని ఈ రెండు కావ్యాలూ నేర్పుతాయి.

అది కావాలని వేసిన ముడి అయితే ఎలా గుర్తుపట్టడం అన్నారు. తిరిగి చదివినప్పుడు తడబెట్టిన ప్రతి వాక్యమూ రెండు రకాలుగానూ నిజం కావాలి. అసలు సంగతి తెలియనప్పుడు ఒక అర్థంలోనూ, తెలిశాక మరో అర్థంలోనూ అది అబద్ధం కాకుండా నిలవాలి. మొదటి అధ్యాయపు ‘నేను’ నిజానికి కత్తి అని చివరలో తేలిందనుకుందాం. అప్పుడు ఆ అధ్యాయంలో ‘నేను పరుగెత్తాను’ అన్న వాక్యం ఒక్కటి ఉన్నా రచయిత మోసం చేసినట్టే. ‘మేము కొండ దిగాం’, ‘నాకు చలి తెలియదు’ వంటి వాక్యాలు మాత్రమే ఉంటే అతను ఎంతో శ్రమపడి కట్టాడన్నమాట. దీన్ని నవల పూర్తయ్యాక మాత్రమే పరీక్షించగలం. కాని చదువుతున్నప్పుడే తెలిసే గుర్తు ఒకటుంది. ఉద్దేశించిన అస్పష్టతలో ఒక్క విషయం తప్ప మిగతావన్నీ స్పష్టంగా ఉంటాయి. చెబుతున్నది ఎవరో తెలియకపోయినా, ఆ గొంతు ఏం కోరుకుంటోంది, దేనికి భయపడుతోంది, ఎక్కడ ఉంది అన్నవి తెలుస్తూ ఉంటాయి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడూ ఒకేసారి జారిపోయినచోట అది ముడి అని నేను నమ్మను.

పాఠకుడి వంతు కూడా కొంత ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. రాతప్రతిని ఫోన్‌లో, రోజుల తరబడి విరామాలతో, ముక్కలు ముక్కలుగా చదివితే ఏ నవల అయినా గందరగోళంగానే ఉంటుంది. ఇప్పటివరకు ఒకే పాత్ర చుట్టూ తిరిగే కథలు మాత్రమే చదివినవారికి అధ్యాయానికో చూపు ఉండే నవల మొదట్లో చికాకు కలిగించడం సహజం. అందువల్ల తడబడినచోట ఒక్కసారి ఆ సన్నివేశం మొదటికి వెళ్ళి, గట్టిగా చదవండి. రెండోసారి సాఫీగా సాగితే పక్కన చిన్న గుర్తు పెట్టి ముందుకు వెళ్ళండి. రెండోసారి కూడా అక్కడే ఆగితే అది మీ ఏకాగ్రత సమస్య కాదు. మీతోపాటు మరొకరు కూడా చదువుతున్నట్టయితే, ముందుగా ఒకరితో ఒకరు చర్చించుకోకండి. ఇద్దరూ విడివిడిగా ఒకే వాక్యం దగ్గర ఆగారంటే రచయితకు ఇక వాదించడానికి ఏమీ ఉండదు.

మిత్రుడికి రాసే వ్యాఖ్య ఎలా ఉండాలో కూడా చెబుతాను. ‘దృష్టికోణం బాగా లేదు’, ‘ప్రథమ పురుషలో రాయండి’ వంటి తీర్పులు, చికిత్సలు వద్దు. మీరు ఏం నమ్మారో, ఎక్కడిదాకా నమ్మారో, ఏ మాటతో ఆ నమ్మకం చెడిందో రాయండి. ‘ఈ పేరా చివరిదాకా ఆలోచిస్తున్నది రాణి అనుకున్నాను. గడ్డం నిమురుకున్నాడని రాగానే మాంత్రికుడని తెలిసి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను’ అన్న రెండు వాక్యాలు, ఒక పేజీ విమర్శ కంటే అతనికి ఎక్కువ మేలు చేస్తాయి. ఇలా రాయడంలో మరో లాభం ఉంది. తడబాటు బయటపడిన చోటు, దానికి కారణమైన చోటు చాలాసార్లు వేరు వేరుగా ఉంటాయి. మీరు మూడో పేజీలో ఆగి ఉండవచ్చు, కాని మాంత్రికుడి చూపులోకి మారింది మొదటి పేజీలోనే కావచ్చు. మీరు ‘ఎక్కడిదాకా ఏమనుకున్నాను’ అని రాస్తే ఆ దారి వెంట వెనక్కి నడిచి రచయితే కారణాన్ని పట్టుకుంటాడు.

ఇలాంటి వ్యాఖ్యలు అందుకున్న రచయితలు సాధారణంగా చేసే మరమ్మతులు కొన్ని ఉన్నాయి, అవి పెద్దగా పని చేయవు గనుక మీ మిత్రుడికి ముందే చెప్పవచ్చు. అధ్యాయం పైన పాత్ర పేరు పెట్టడం వాటిలో మొదటిది. 1996లో వచ్చిన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవల ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ తర్వాత ఇది బాగా వ్యాపించింది. అక్కడ అది ఫలించడానికి కారణం శీర్షిక కాదు, ఆ అధ్యాయం చివరిదాకా ఆ పాత్ర చూపును విడిచిపెట్టకపోవడం. లోపల చూపు జారుతూ ఉంటే పైనున్న పేరు పాఠకుడిని ఇంకా తప్పుదారి పట్టిస్తుంది. ప్రతి వాక్యంలోనూ పేర్లు దట్టించడం రెండోది. దానివల్ల ఎవరు ఏం చేశారో తెలుస్తుంది గాని, ఎవరు చూశారో తెలియదు. అన్ని ఆలోచనలకూ ‘అని అనుకుంది’ తగిలించడం మూడోది, ఇది వాక్యాలను బరువెక్కించడం తప్ప మరేం చేయదు. చూపు ఒకసారి స్థిరపడ్డాక ‘ఇక తప్పదు. వెళ్ళాల్సిందే’ అని నేరుగా రాసినా అది ఎవరి ఆలోచనో పాఠకుడికి తెలుస్తుంది.

ఇద్దరు ‘నేను’లు ఉన్న నవల అయితే మాత్రం వేరే జాగ్రత్త కావాలి. శీర్షికను చేత్తో మూసి, ఆ పేజీలో వాళ్ళు ఏమేం గమనిస్తున్నారో చూసి అది ఎవరో మీరు చెప్పగలగాలి. వేటగాడు గదిలోకి రాగానే తలుపులెన్నో చూస్తాడు, వైద్యురాలు ఎవరి శ్వాస ఎలా ఉందో వింటుంది. ఇద్దరూ ఒకే వరసలో ఒకేలాంటి వస్తువులను చూస్తుంటే, ఆ ఇద్దరి లోపలా ఉన్నది రచయిత ఒక్కడే.

నవల మొత్తం పూర్తి చేశాకే చెప్పాలా అన్న మీ చివరి మాటకు వస్తున్నాను. చదువుతూ ఉండగానే రాయండి, ఇవ్వడం మాత్రం పూర్తయ్యాక ఇవ్వండి. చివరలో ‘నేను’ ఎవరో తెలిసిపోయి అంతా అర్థమైనా సరే, మొదటి అధ్యాయాల దగ్గర రాసుకున్న మాటలను కొట్టివేయకండి, సవరించకండి. వాటి కింద వేరే రంగుతో, తర్వాత మీకు తెలిసినదేమిటో, అది తెలిశాక ఆ పాత వాక్యాలు మీకు నిజాయితీగా అనిపించాయో లేదో జోడించండి. మొదటిసారి చదివినప్పుడు కలిగిన అనుభవం మీకు మళ్ళీ రాదు. మీ మిత్రుడికైతే తన నవల విషయంలో అది ఎన్నడూ దొరకదు, అందుకే ఆ కాగితాలు అతనికి అవసరం.